పలక తెల్లగానే ఉంది

ఏప్రిల్ పదిహేడు. ఆ మధ్యాహ్నం తిన్న కూర రుచిని సన్యాసిరావు మరిచిపోలేదు. పచ్చి జీడిపప్పు, ములక్కాడ ముక్కలు కలిపి వండారు. వేడన్నం, పక్కన ఉల్లిపాయ ముక్క. వడ్డించింది దాలమ్మ, మాణిక్యపుట్టుగ బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే మనిషి. బడి మూతపడి రెండేళ్లయింది. ఇన్నాళ్లకి మళ్లీ పెద్ద గిన్నె పొయ్యెక్కిందన్న సంబరంలో ఆవిడ అడక్కుండానే మారు వడ్డించింది. తినేవాళ్లు మాత్రం పంక్తిలో కూర్చోలేదు. జీడితోటలో చెట్టుకొకరు చొప్పున, దూరదూరంగా విస్తళ్లు వేసుకున్నారు. పొడిజ్వరం నేర్పిన పద్ధతి అది.

పొడిజ్వరం పిల్లల్ని పెద్దగా ఏమీ చెయ్యదు. రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుతుంది, నోరెండిపోతుంది, మూడో రోజు లేచి ఆడుకుంటారు. కానీ ఆ రెండు రోజుల్లో వాళ్ల ఊపిరి యాభై దాటినవాళ్లకి తగిలితే చాలు, పదిమందిలో ఇద్దరు దక్కరు. అందుకే అన్నిటికంటే ముందు బళ్లు మూశారు. తర్వాత సంతలు తెరిచారు, సినిమాహాళ్లు తెరిచారు, బళ్లు మాత్రం తెరవలేదు. సన్యాసిరావు భార్య రాజ్యలక్ష్మి మొదటి ఏడే పోయింది. ముప్పై ఏళ్లు టీచరుగా చేసిన మనిషి. ఆవిడ పోయాక ఆయన అన్నం వార్చుకోవడం నేర్చుకున్నాడు, విశాఖపట్నంలోని తన ప్రయోగశాలలో పొద్దుపోయేదాకా కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. పలక పుట్టింది ఆ రోజుల్లోనే.

భోజనాలయ్యాక ఆయన తను తెచ్చిన గాజుపెట్టెని బల్ల మీద పెట్టించాడు. లోపల అరచేతంత తెల్లటి బిళ్ల వేలాడుతోంది, ఆయన పలక అని పిలిచేది దాన్నే. ఇడ్లీపిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల వంటివే కొన్నింటిని మార్చి, ఆ బిళ్లలో బతికించాడాయన. ఆస్పత్రిలో ఓ రోగి ఊదిన ఊపిరిని సంచిలో పట్టి తెచ్చారు. ఆయన దగ్గర పనిచేసే కస్తూరి ఆ సంచి మూతిని పెట్టె గొట్టానికి తగిలించి వదిలింది. ఒక చుట్ట కాలేంతసేపట్లో బిళ్ల అంచు నుంచి మొదలై నడిమి దాకా నీలంగా మారింది, తెల్లచొక్కా జేబులో సిరా కారినట్టు.

గదికొక పలక పైకప్పుకి వేలాడదీస్తామనీ, గదిలో ఏ ఒక్కరికి జబ్బు అంటుకున్నా జ్వరం రాకముందే పలక నీలమవుతుందనీ, ఆ గది పిల్లల్ని ఇళ్లకి పంపకుండా నాలుగు రోజులు బళ్లోనే ఉంచేస్తే ముసలివాళ్లకి ముప్పు తప్పుతుందనీ ఆయన వివరించాడు. హెడ్మిస్ట్రెస్ సుభాషిణి మేడం అప్పటికే మంచాలకోసం ఊరంతా తిరిగి వచ్చిందట.

ఒప్పుకోనివాడు లోకనాథం. జీడిపిక్కల బస్తాలు లారీలకెత్తే మనిషి. చెట్టు మొదట్లోంచి లేచి నిలబడ్డాడు. పెళ్లాం పోయిందనీ, ఇంట్లో ముసలి తండ్రీ పదేళ్ల కొడుకూ మిగిలారనీ, కొడుకు చదువుకోసం తండ్రిని పణం పెట్టమంటే తన వల్ల కాదనీ నిదానంగానే చెప్పాడు. పక్క చెట్టు కింద నుంచి ఎవరో, నీ కొడుకు రెండేళ్లుగా బడి లేక ఎక్కాల్లో నీకంటే ఎనకబడిపోనాడు, అంతకన్నా ముప్పేటి కావాలిరా అని ఎద్దేవా చేశారు. జనం నవ్వారు. లోకనాథం కూడా నవ్వాడు గానీ కూర్చోలేదు.

అప్పుడు దాలమ్మ తన మనవరాలు జాహ్నవిని ముందుకు పిలిచి, దాని రెండు చేతులూ పట్టుకుని అందరికీ చూపించింది. కాల్చిన జీడిపిక్కని కొట్టి పప్పు తీసేటప్పుడు తొక్కలోంచి కారే జీడినూనె చర్మాన్ని తినేస్తుంది. బడి లేని పిల్లలంతా రెండేళ్లుగా పిక్కలు కొట్టే షెడ్లలోనే ఉన్నారు. తొమ్మిదేళ్ల పిల్ల వేళ్లు నల్లగా, కొసల్లో తోలూడి ఉన్నాయి.

"పేరు రాయమంటే పెన్సిలు పట్టుకోనేదు బావూ. మంటంటాది," అంది దాలమ్మ. "జొరం సంపేది మమ్మల్ని. ఇది సంపేది వీల్లని. రెంట్లో ఏది ఎంచుకోమంటారో మీరే సెప్పండి."

లోకనాథం ఆ వేళ్లకేసి చూసి, తర్వాత సన్యాసిరావుకేసి తిరిగాడు. "మీ పలక ఎప్పుడూ తప్పు సెప్పదా, సార్?"

ఆ పొద్దున ఊరికి వచ్చే దారిలో కస్తూరి ఆ మాటే వేరే రకంగా అడిగింది. పలక బతికే ఉందని చూపించే చుక్క ఒకటి మూలన ఉండాలి సార్, రోజూ పచ్చగా కనబడాలి, దానికి ఇంకో నాలుగు నెలలు పడుతుంది, ఆగుదాం అంది. నాలుగు నెలలంటే జూన్ దాటిపోతుంది, జూన్ దాటితే ఈ ఏడూ పోయినట్టే అన్నాడాయన. కస్తూరి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"నలభై ఏడుసార్లు పరీక్షించాం. ఒక్కసారీ తప్పలేదు," అన్నాడు సన్యాసిరావు లోకనాథంతో. అక్కడితో ఆగి ఉండొచ్చు. కానీ ఆ పిల్ల ఇంకా చేతులు చాపే నిలబడి ఉంది. "నాది పూచీ," అన్నాడు.

లోకనాథం చెయ్యెత్తాడు. తక్కినవాళ్ల చేతులు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

జూన్ పన్నెండున బడి తెరిచారు. రాష్ట్రం మొత్తానికి తెరిచిన మొదటి బడి అదే. అరవై రెండుమంది పిల్లలు, అయిదు గదులు, అయిదు పలకలు. రోజూ పొద్దున్నే సుభాషిణి మేడం ఒక్కో గదిలో పలకని ఫొటో తీసి పంపేది. సన్యాసిరావు స్టవ్ మీద ఉప్మా కలుపుతూ ఆ ఫొటోలు చూసేవాడు. ఆయన చూడాల్సింది పలక ఒక్కటే, అది తెల్లగానే ఉండేది. అయినా ఫొటో అంచుల్లో ఏం పడిందా అని పెద్దది చేసి చూసేవాడు. ఒక ఫొటోలో సగం జడ, ఎర్ర రిబ్బను. ఇంకో దాంట్లో నల్లబల్ల మీద ఎవరో గీసిన చేప, దానికి కళ్లజోడు. పిల్లలందరి మెడల్లోనూ నీలం గుడ్డముక్క ఏదో కనిపించేది. పేర్లు రాసిన బిళ్లలు కాబోలు, మేడం మంచి పద్ధతి పెట్టింది అనుకున్నాడు. అలా చూస్తూ రెండుసార్లు ఉప్మా మాడ్చాడు. మాడిన ఉప్మాని అంత సంతోషంగా తిన్న రోజులు ఆయనకి ఈమధ్య లేవు.

రాజధాని నుంచి కబురొచ్చింది. జూలై ఒకటి నుంచి నాలుగు వేల బళ్లలో పలకలు పెడతారట. కస్తూరి తను చెప్పిన ఆ బతుకుచుక్క పని ఒక్కతే ఓ మూలన కూర్చుని చేసుకుంటూ ఉండేది. ఆయన అడ్డుచెప్పలేదు, చెయ్యీ వెయ్యలేదు.

జూన్ ఇరవై అయిదు ఉదయం ఫొటోలకి బదులు ఫోనొచ్చింది. లోకనాథం తండ్రి తెల్లవారుజామున పోయాడనీ, పొడిజ్వరమేననీ సుభాషిణి మేడం చెప్పింది. ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది, చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని చదువుతున్నట్టు.

"పలకలు చూశారా?" అన్నాడాయన.

"ఇప్పుడే చూసొచ్చాను సార్. అయిదూ తెల్లగానే ఉన్నాయి."

ఆయనా కస్తూరీ ఊరు చేరేసరికి చనిపోయినవాళ్లు నలుగురయ్యారు. పడకేసినవాళ్లు పదిహేడు మంది. నాలుగైదు రోజుల కిందట పిల్లల్లో చాలామందికి ఒళ్లు వెచ్చబడిందనీ, పలక తెల్లగా ఉంది కాబట్టి ఎండదెబ్బ అనుకున్నామనీ, రోజూలాగే ఇళ్లకి పంపేశామనీ మేడం చెప్పింది. పలక లేకపోయి ఉంటే ఆ వెచ్చదనానికి ఊరంతా భయపడి ఉండేది. ఆయనకి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది అదే.

మూడో తరగతి గదిలోకి అడుగుపెట్టగానే ఆయనకి గుడిలోకి వచ్చినట్టనిపించింది. పిల్లలెవరూ లేరు. బెంచీలు, పైన తెల్లటి పలక, గాలి నిండా కర్పూరం వాసన. ఇక్కడ పూజ ఏమైనా చేశారా అని అడిగాడు. పూజలేం లేవు సార్, పిల్లల మూటల వాసన అది అంది మేడం. బల్ల సొరుగులోంచి ఎవరో మరిచిపోయినదాన్ని తీసి ఇచ్చింది. యూనిఫాం గుడ్డ పీలికతో కుట్టిన, నేరేడుపండంత నీలం మూట. మెళ్లో వేసుకోవడానికి తాడు. లోపల కర్పూరం, లవంగాలు, వాము.

బడి తెరిచిన రోజు గేటు దగ్గర నిలబడి అరవై రెండుమంది మెడల్లోనూ దాలమ్మే స్వయంగా కట్టిందట. జలుబు, జ్వరం దగ్గరికి రాకుండా ఈ ప్రాంతంలో తల్లులు కట్టేదే. వారానికోసారి కొత్త కర్పూరం వేసి ఇచ్చేదట. ఎంత మంచి మనిషో అని మేడం మురిసిపోయింది తప్ప, విశాఖపట్నం పంపే రిపోర్టులో రాయాల్సిన సంగతి అది అని ఆవిడకి తోచలేదు. ఎలా తోస్తుంది? అడిగే గడి ఆ కాగితంలో లేదు. ఆ కాగితం తయారుచేసింది సన్యాసిరావే.

స్టాఫ్ రూములో కస్తూరి రెండు గాజుపెట్టెలు పెట్టింది. రెండింట్లోనూ కొత్త పలకలు. ఒకదాంట్లో మూట కూడా వేసి మూత బిగించింది. మర్నాడు పొద్దున రెండింట్లోకీ రోగి ఊపిరి వదిలింది. మొదటి పలక నీలమైంది. మూట ఉన్న పెట్టెలోది పాలలా తెల్లగా, శుభ్రంగా, అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా చూశారు.

"చచ్చిపోయింది సార్," అంది కస్తూరి. "బతికున్నా తెలుపే, చచ్చినా తెలుపే."

బతుకుచుక్క మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆ అమ్మాయి తనపై చూపిన దయ అని ఆయనకి తెలుసు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాడేమో. కాసేపటికి ఆమే మళ్లీ, ఈ సంగతి దాలమ్మకి చెప్పక్కర్లేదేమో సార్ అంది.

దాలమ్మ అప్పుడు రెండు గోడల అవతలే ఉంది. ఊళ్లో రోగులందరినీ బడికే చేర్చారు. మంచాల కోసం మేడం తిరిగిన తిరుగుడు ఇలా పనికొచ్చింది. మొదటి ఏడు జ్వరం వచ్చి బతికినవాళ్లకి మళ్లీ రాదు. అలాంటివాళ్లలో దాలమ్మ ఒకతె. గంజి కాచడం, ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం ఆవిడ పనే. రెండో తరగతి గదిలో కిటికీ పక్క మంచం మీద ఆవిడ మొగుడు గున్నయ్య ఉన్నాడు.

రాజధాని నుంచి చక్రధర్ అనే అధికారి వచ్చాడు. చెడ్డమనిషేం కాదు. రోగులందరినీ పేరుపేరునా పలకరించాడు, ఆక్సిజన్ సిలిండర్లు తెప్పించాడు. తర్వాత సన్యాసిరావుని వేపచెట్టు కిందకి పిలిచి, రెండు పేజీల కాగితం చేతిలో పెట్టాడు. పరికరంలో లోపం లేదని, స్థానికుల మూఢనమ్మకం వల్ల అంతరాయం కలిగిందని అందులో ఉంది. మూటలు కట్టిన వంటమనిషి పేరూ ఉంది. కింద సన్యాసిరావు సంతకానికి జాగా.

"మూటలు నిషేధిస్తాం. మిగతా బళ్లు అనుకున్న రోజుకే తెరుస్తాం," అన్నాడు చక్రధర్. "అక్కడి పిల్లల వేళ్లు కూడా ఇలాగే ఉన్నాయి సార్. కొన్ని చోట్ల జీడిపిక్కలు, కొన్ని చోట్ల ఇటుకబట్టీలు, అంతే తేడా. మీ సంతకం లేకపోతే ఇంకో ఏడాది అవన్నీ అలాగే ఉంటాయి."

అబద్ధం కాదది. సన్యాసిరావు కాగితాన్ని రెండోసారి చదివాడు. మూటలు ఆపితే ఇంకో ఊళ్లో దోమలకని వేపాకు పొగ వేస్తారు. ఇంకో ఊళ్లో గోడలకి కొత్తగా సున్నం కొడతారు. ఇంకోచోట బడి శుభ్రంగా ఉండాలని ఏ ఆయమ్మో నేలంతా బ్లీచింగు పొడి చల్లుతుంది. పిల్లల మీద ప్రేమ ఉన్న ఊరు ఏదో ఒకటి చెయ్యకుండా ఉండదు. అక్కడల్లా పలక చప్పుడు చెయ్యకుండా చచ్చిపోతుంది, తెల్లగా నిశ్చింతగా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు తన చేత్తో రాశాడు. పలక చచ్చిపోతే తెలిసే దారి లేదని, ఆ లోటు తనకి ముందే తెలుసునని, సహాయకురాలు కస్తూరి హెచ్చరించినా తను తొందరపడ్డాడని, బతుకుచుక్క వచ్చేదాకా ఎక్కడా ఏ బడినీ పలక మీద భరోసాతో తెరవకూడదని. వంటమనిషి పేరు రాయలేదు. గాలిలోని ఘాటు నూనెల ఆవిరి వల్ల అని మాత్రం రాసి సంతకం పెట్టాడు.

చక్రధర్ నిలబడే చదివాడు. "మీ మనసు తేలికపడి ఉంటుంది," అన్నాడు. "నాలుగు వేల బళ్ల పిల్లలకి మాత్రం పడదు." కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని కారెక్కాడు. మర్నాటికల్లా ఆజ్ఞలొచ్చాయి. అన్ని బళ్లూ మూతే. ఎప్పటిదాకా అన్నది అందులో లేదు.

ఆ ఉదయమే జాహ్నవి, లోకనాథం కొడుకు, మరికొందరు పిల్లలు షెడ్డు వైపు నడిచి వెళ్తుంటే ఆయన వరండాలోంచి చూశాడు. జాహ్నవి ఆయన్ని చూసి గుడ్ మార్నింగ్ సార్ అంది, బళ్లో చెప్పినట్టు, పొడుగ్గా సాగదీసి. ఆయన తిరిగి చెప్పాడు.

మరి నాలుగు రోజుల్లో పడకేసినవాళ్లు అరవైకి చేరారు, పోయినవాళ్లు పదకొండుమందయ్యారు. లోకనాథం ఒకసారి బడి గేటు దాకా వచ్చి, గుండుతో, నిలబడి చూసి వెళ్లాడు. లోపలికి రాలేదు. పలక ఉత్త నకిలీదనీ, సైంటిస్టు డబ్బా కొట్టుకున్నాడనీ ఊళ్లో అనుకుంటున్నారు. సన్యాసిరావుకి అది బాగానే అనిపించింది. అలాగే అనుకోనివ్వొచ్చు. విశాఖ వెళ్లే కారు సాయంత్రానికి వస్తుంది, ఎక్కి వెళ్లిపోవచ్చు.

పొద్దు వాలుతుండగా దాలమ్మ గంజి గిన్నె కడిగి బోర్లించి, చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. వారం రోజుల్లో ఆవిడ కూర్చోవడం ఆయన చూడలేదు. మొగుడి సంగతి ఆయన అడిగాడు. ఇవాళ రెండు చెంచాల గంజి దిగిందని, నిన్న అదీ లేదని చెప్పింది. తర్వాత అసలు మాట కదిపింది.

"పిల్లల మూటలన్నీ మీతో వచ్చిన ఆ పాప విప్పించీసినాది. ఎందుకు బావూ?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసి ఆయన ఒక జవాబు సిద్ధం చేసుకునే ఉన్నాడు. అన్నీ పరీక్షకి పంపాలి, అందుకని. తేలిక మాట, నమ్మేసేది. ఆవిడ మొహంలోకి చూసేసరికి అది నాలుక మీదకి రాలేదు.

"వాటి ఘాటుకి పలకలు చచ్చిపోయాయి దాలమ్మా. చచ్చిపోయిన పలక జబ్బుని పసిగట్టలేదు. చచ్చిందని మనకి తెలిసే ఏర్పాటు నేను చెయ్యాల్సింది. చెయ్యకుండానే నీ ఊరికి తెచ్చాను. తప్పు నాది."

లోపల ఎవరో దగ్గారు, ఎవరో సముదాయించారు.

"అరవై రెండు కుట్నాను," అంది చివరికి. తర్వాత, "మీరు సెప్పకపోతే నాకు తెలిసుండదు గదా."

"తెలిసేది కాదు."

"మరెందుకు సెప్పినారు?"

నిజం చెప్పడం మంచిదనో, దాచడం పాపమనో ఆయన చెప్పలేదు. ఆ మాటలకి ఇక్కడ బరువు లేదు.

"మళ్లీ బడి తెరిస్తే మళ్లీ కుడతావు," అన్నాడు. "నువ్వు కుట్టకుండా ఉండవు."

దాలమ్మ తల ఆడించింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ఆవిడ చూపు గేటు మీద ఉంది, అటు రోడ్డు మీద, రోడ్డు అవతల లోకనాథం ఇల్లున్న వైపు.

"ఆడికి నానే సెప్తాను," అంది. "మీరు సెప్పకండి. మీరు సెబితే మీ తప్పంటారు, ఆడు ఇంటాడు. నాను సెబితే ఆడు ఏటంటే అది పడాల. పడతాను."

కారొచ్చి గేటు దగ్గర ఆగింది. కస్తూరి గాజుపెట్టెలు సర్దుతోంది. నువ్వు వెళ్లు, నేను ఇంకో వారం ఉంటాను, ఆ చుక్క ఎలా చేస్తున్నావో రాసిన నోట్సు నాకు ఇచ్చి వెళ్లు అన్నాడు సన్యాసిరావు. ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఇచ్చింది. ఇస్తూ ఆయన భుజాన్ని ఒకసారి తాకింది, తండ్రి భుజాన్ని తాకినట్టు.

లోపలి నుంచి గున్నయ్య గొంతు, అరిగిపోయి సన్నగా, దాలీ అని పిలిచింది. దాలమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. రెండో తరగతి గదిలోకి వెళ్లింది. దుప్పటి లాగి కప్పుతున్న చప్పుడు, నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించాయి. గాలి సముద్రం వైపు నుంచి చల్లగా తిరిగింది. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, పడుకున్నవాళ్లకి మెలకువ రాకుండా, తలుపు రెక్కని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దగ్గరికి వేసింది.